మౌజన్ సాబ్ గడియారం

రిటైరయిన ఆడమనిషి ఇంట్లో కూర్చుని ఏం చేయాలో మా బంధువులందరికీ తెలుసు, నాకు తప్ప. పచ్చళ్లు పెట్టమన్నారు, మనవలను ఆడించమన్నారు, తస్బీ పూసలు తిప్పుకోమన్నారు. నేను కిటికీ కింద బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఆగిపోయిన చావి గడియారాల ముందు కూర్చున్నాను. నీళ్లలో పడ్డవి, తుప్పు పట్టినవి, తెలియని చేతులు విప్పి మళ్లీ బిగించలేకపోయినవి ఎవరైనా తెచ్చి ఇస్తే, ఓపిక ఉన్నన్నాళ్లు కూర్చుని బాగు చేసి పెడతాను. ఒక్కోదానికి నెల పడుతుంది. తొందరగా కావాలన్నవాళ్లను గుమ్మంలోంచే పంపించేస్తాను. హన్మకొండలో ఇలాంటి పిచ్చిది ఒకతి ఉందన్న మాట హసన్‌పర్తి దాకా పాకింది, ఎందుకంటే అక్కడి బడిలోనే నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా పిల్లలకు సైన్సు చెప్పాను.

ఆ మాట పట్టుకునే పోయిన వానాకాలంలో ఒకామె మా ఇంటికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పేరు యాకూబీ అంది. తడి గొడుగు బయటే పెట్టి, చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి చేతిరుమాలు, రుమాలులోంచి ఒక జేబుగడియారం తీసి నా బల్ల మీద పెట్టింది.

"టీచరమ్మా, మొన్న వానలకు ఇంట్లకు నీళ్లొచ్చినయి. మా నాయిన పెట్టె రెండు దినాలు నీళ్లల్లనే ఉన్నది. ఇది జర నడుస్తదేమో చూడరాదు?"

తెల్లటి పింగాణీ ముఖం. మీద ఉర్దూ అంకెలు. నాలుగు అంకె దగ్గర మొదలై మధ్యదాకా పోయిన పగులు. ఆరు అంకె ఉండాల్సిన చోట సెకన్ల కోసం చిన్న గుండ్రం, ఆ గుండ్రంలో ముల్లు. ఆ ముల్లు ఏ ఫ్యాక్టరీలోనూ తయారైంది కాదు. మగ్గం పన్నెలో దారాల మధ్య ఉండే సన్నటి ఇనుప పుల్లను ఒక మనిషి ఆకురాయి మీద వారం రోజులు అరగదీసి చేసిన ముల్లు అది. ఆ వారమంతా పక్కన కూర్చుని చూసినదాన్ని గనక నాకు తెలుసు. ఏమీ తెలియనట్టు, ఇది మీ నాన్నగారికి ఎలా వచ్చిందని అడిగాను.

"మా నాయిన కాశిబుగ్గల మసీదుకు మౌజన్ ఉండె. అజాన్ ఇచ్చుడు, రంజాన్ల సైరన్ తిప్పుడు ఆయన పనే. ఒకనాడు ఈ గడియారంల టైం తప్పు చూసిండట. పొద్దు ఉండంగనే సైరన్ తిప్పి మొత్తం మొహల్లా రోజా చెడగొట్టిండట. దాంతోని నౌకరి పాయె, ఊరిడిసె. నేనప్పుడు సంకల పిల్లను."

"తప్పు చూసింది ఆయనేనా?"

"ఆయనే చెప్పిండు గదా అమ్మా. పాణం పొయ్యేదాక అదే చెప్పిండు."

ఆమెకు చాయ్ పోశాను. పదిహేను రోజుల తర్వాత రమ్మన్నాను. నేను ఎవరి బిడ్డనో చెప్పలేదు. ఆమె గొడుగు విప్పుకుని వెళ్లిపోయాక తలుపు గడియ పెట్టుకుని, ఆ గడియారం వైపు వీపు తిప్పి చాలాసేపు కూర్చున్నాను. నాకు భయం వేసింది. అరవై ఎనిమిదేళ్ల మనిషికి, పన్నెండేళ్లప్పుడు వేసిన భయమే మళ్లీ వేసింది.

మా బాపు రహీం సాబు బట్టల మిల్లులో పని చేసేవాడు. గడియారాలు ఆయన బతుకుతెరువు కాదు, ఆయన వ్యసనం. వేరే మగవాళ్లు సెలవునాడు పేకాటకు పోతే ఈయన పాత ఇనుప సామాన్ల దుకాణాలకు పోయేవాడు. సెలవునాడు మా ఇంటికి వేరే చట్టం ఉండేది. ముందు గదిలో తెల్లటి ధోవతి పరిచేవాడు. దాని మీద ఇత్తడి గిన్నెలో పెట్రోలు, సన్నటి కుంచె, చీరిన అగ్గిపుల్లలు, సూది మొనకు అంటిన చుక్కంత నూనె. ఇల్లంతా పెట్రోలు వాసన, దాని అడుగున అమ్మ వంటింట్లో వేయించే ఉల్లిగడ్డ వాసన. ఆ పూట ఊడ్వకూడదు. పంకా వేయకూడదు. కోళ్లను గంప కింద మూయాలి. తుమ్ము వస్తే వాకిట్లోకి పరుగెత్తాలి. "ఊపిరి గూడ తీసుకోవద్దా మీ బాపు ముంగట?" అని అమ్మ గొణిగేది, గొణుగుడు కూడా మెల్లగానే. ఒకసారి ఆవగింజలో సగం ఉండే మర ఒకటి ఎగిరిపోతే ఇల్లంతా పిండి జల్లెడతో జల్లించాం. మూడో రోజు తమ్ముడి జుట్టులో దొరికింది. అందుకు వాడికి దెబ్బలు పడ్డాయి, దొరికినందుకు ముద్దులు కూడా పడ్డాయి.

ఆ జేబుగడియారం మా కాశిబుగ్గ మసీదు బీరువాలో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నది. ఎవరు ఇచ్చారో, ఎప్పుడు చచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. బాపు దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. లోపల బ్యాలెన్స్ చక్రం ఇరుసు విరిగి ఉంది, సెకన్ల ముల్లు లేదు. దసరా పోయింది, మిల్లులో సమ్మె మొదలై అయిపోయింది, బాపు దాని మీదే ఉన్నాడు. అది మొదటిసారి టిక్కుమన్నప్పుడు మమ్మల్నందరినీ పిలిచి వరసగా చెవి దగ్గర పెట్టాడు. మరునాడు తీసుకెళ్లి మౌజన్ ఖాసిం సాబు చేతిలో పెట్టాడు. ఖాసిం సాబు బక్కటి మనిషి, బాపు ఈడువాడే. కొత్తగా బిడ్డ పుట్టింది. మసీదు పక్కనే ఒక గది, అందులో భార్య ఇమాంబీ, తొట్టెలలో ఆ బిడ్డ. ఆ గది, ఆ జీతం అన్నీ అజాన్‌తో వచ్చినవే. అజాన్ పోతే అవి కూడా పోతాయి. అప్పట్లో ఈ సంగతి నాకు ఎవరూ విడమరచి చెప్పలేదు. అయినా నాకు తెలుసు, ఎందుకంటే ఇమాంబీ పిన్ని మా అమ్మతో ఎప్పుడు మాట్లాడినా ఆ గది గోడలకు సున్నం వేయించుకోవడం గురించే మాట్లాడేది.

ఏ చావి గడియారమైనా రోజుకు నిమిషమో అరనిమిషమో తప్పుతుంది. సరిచేయాలంటే రేడియో కావాలి. మసీదులో రేడియో పెట్టరు. అందుకని మా మొహల్లాలో ఒక ఏర్పాటు ఉండేది. రంజాన్ నెలలో మధ్యాహ్నం నమాజు అయ్యాక మౌజన్ సాబ్ గడియారం మా ఇంటికి వచ్చేది. వార్తల ముందు రేడియోలో వచ్చే పిప్ పిప్ శబ్దానికి ముల్లు సరిచేసి, పొద్దు వాలే వేళ ఇచ్చే అసర్ అజాన్ లోపల తిరిగి ఇచ్చిరావాలి. బాపు మిల్లులో ఉంటాడు గనక ఆ పని నాది. నా తోటి ఆడపిల్లలెవరికీ లేని అధికారం అది. గడియారం అరచేతిలో పెట్టుకుని వీధిలో నడుస్తుంటే పెద్దవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు. నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, బాగా ఉండేది.

బాపు ఒకే ఒక నియమం పెట్టాడు. "గడియారాన్ని రేడియో దగ్గర పెట్టద్దు. చేతిల వట్టుకోని దూరం నిలబడు." ఎందుకో చెప్పలేదు. బాపు కారణాలు చెప్పే మనిషి కాదు. కింద పడుతుందని కాబోలు అనుకున్నాను. తర్వాత ముప్పై ఏళ్లు నేను తరగతిలో ఏ పిల్లకైనా ఏదైనా వద్దన్నప్పుడు, ఎందుకు వద్దో కూడా చెప్పేదాన్ని. అడక్కపోయినా చెప్పేదాన్ని.

ఆ రంజాన్‌లో ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడు కనపడలేదు. మామూలు రోజుల్లో మౌజన్ సాబ్ గడియారం చూసినా, మేడ ఎక్కి పడమర కూడా ఒకసారి చూసేవాడు. ముసురులో చూడటానికి ఏమీ లేదు, గడియారమే దిక్కు. నేను ఆ ఏడాదే నెల మొత్తం రోజా ఉపవాసం ఉంటానని పంతం పట్టాను. మూడో మధ్యాహ్నానికి మోకాళ్లు లాగుతున్నాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. పిప్ శబ్దం వచ్చింది, ముల్లు సరిచేశాను. అసర్‌కు ఇంకా చాలా సమయం ఉంది. ఒక్క క్షణం నడుం వాలుద్దామనుకున్నాను. మరి గడియారం ఎక్కడ పెట్టాలి? కిందపెడితే తమ్ముడు లాగుతాడు, కిటికీలో పెడితే జల్లు పడుతుంది. మా రేడియోకు వెనక అట్ట ఊడిపోయి ఉండేది. లోపల స్పీకరు వెనక గుండ్రటి బరువైన ఇనుప ముద్ద ఒకటి ఉండేది. దానికి ఆనించి పెడితే గడియారం కదలకుండా నిలబడింది. ఎవరికీ కనపడదు, తడవదు. నా తెలివికి నేనే మురిసిపోయి పడుకున్నాను. అసర్ అజాన్‌కు ఉలిక్కిపడి లేచి, తీసుకుని పరుగెత్తి మౌజన్ సాబ్ చేతిలో పెట్టాను. "షాబాష్ బిడ్డా" అన్నాడు. టైం చూడనైనా చూడలేదు. నా మీద అంత నమ్మకం.

సాయంత్రం ఇంట్లో అందరం దస్తర్‌ఖాన్ గుడ్డ పరుచుకుని దాని చుట్టూ కూర్చున్నాం. నాన్చిన శనగలు, కోసిన అరటిపండ్లు, గ్లాసుల్లో షర్బత్. బాపు పగటి షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. సైరన్ మోగింది. చేత్తో తిప్పే సైరన్ అది, మెల్లగా మొదలై వీధంతా ఊళ పెట్టేది. బిస్మిల్లా అని ఖర్జూరం నోట్లో వేసుకున్నాం. నేను షర్బత్ గ్లాసు ఎత్తి సగం తాగేశాను. అప్పుడు మా ఎదురు గోడ మీద వెలుగు పడింది. ఎర్రటి ఎండ. ముసురు పడమర వైపు ఒక్కచోట చిరిగి, అందులోంచి సూర్యుడు నిండుగా బయటికి వచ్చాడు. బాపు చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. పక్కింటి మిద్దె మీద నూలు చిలపలు ఆరేసుకుంటున్న సాయమ్మ, పద్మశాలీలామె, పిట్టగోడ మీదినుంచి మా వాకిట్లోకి వంగి అడిగింది.

"ఏందే, సైరన్ అప్పుడే కూసింది? పొద్దు ఇంక గూకనే లే గదా!"

అప్పుడు లేచింది గొడవ. ఒక్కో ఇంట్లోంచి మనుషులు బయటికి వచ్చారు. కొందరు నోట్లో ఉన్నది ఉమ్మేశారు. రోజా చెడింది. పండగ తర్వాత ప్రతి ఒక్కరూ దీనికి బదులు ఇంకొక రోజా పట్టాలి. పట్టడం పెద్ద పని కాదు, కానీ పగలంతా మగ్గం మీద కూర్చుని, రిక్షా తొక్కి, నోరు తడుపుకోకుండా నిలబెట్టుకున్న రోజును ఇంకొకడి పొరపాటు మింగేసిందంటే ఎవరికి మండదు? అందరూ మసీదు వైపు నడిచారు. బాపు చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. మసీదు కమిటీ పెద్ద సదర్ సాబ్ చేతిగడియారంతో పోల్చి చూస్తే మౌజన్ సాబ్ గడియారం తొమ్మిది నిమిషాలు ముందు ఉందట. దాన్ని జేబులో వేసుకుని బాపు ఇంటికి వచ్చాడు. ఆ పూట అన్నం తినలేదు.

మరునాడు మిల్లుకు పోకుండా తెల్లధోవతి పరిచాడు. మూత తీశాడు. లోపల వెంట్రుకంత సన్నటి చుట్టల స్ప్రింగ్ ఉంటుంది, ఆ చుట్టలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నూనె అంటిందేమోనని పెట్రోలులో కడిగాడు. ఆరాక మళ్లీ అంటుకున్నాయి. తర్వాత నా బడి సంచీలోంచి దిక్సూచి తెమ్మన్నాడు. గడియారం దగ్గరికి దాన్ని తెచ్చేసరికి ముల్లు అటూ ఇటూ కొట్టుకుంది, చక్రం ఊగినప్పుడల్లా ఊగింది. బాపు తల ఎత్తాడు. ముందు రేడియోను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"రేడియో దగ్గర పెట్టినవా బిడ్డా?"

కొట్టేలా అడగలేదు. మామూలుగానే అడిగాడు. అందుకే నాకు ఇంకా భయం వేసింది. ఆ దిక్సూచి ముల్లు చూస్తుంటేనే, స్పీకరు వెనక ఇనుప ముద్ద అయస్కాంతమని నాకు అర్థమైపోయింది. వీధి నిండా ఉన్న కోపం, ఆ ఉమ్మేసిన ఖర్జూరాలు, అన్నీ నావే.

"లే" అన్నాను. "చేతిలనే వట్టుకున్న."

బాపు ఇంకోసారి అడగలేదు. గడియారం తీసుకుని హన్మకొండ చౌరస్తాకు పోయి, అయస్కాంతం తీసే మెషిన్ ఉన్న దుకాణంలో దాన్ని తీయించుకుని వచ్చాడు. అదే తర్వాత కొంప ముంచింది. ఈలోగా ఇంకో సంగతి జరిగింది. మా వీధి చివర మగ్గం నేసే లతీఫ్ తాత, ముందునుంచే మంచం మీద ఉన్నా రోజా విడవని మనిషి, పండగకు ముందే చనిపోయాడు. "మా నాయిన చెడిన రోజాతోనే పాయె, అల్లాకు ఏం జవాబు చెప్పాలె?" అని ఆయన కొడుకులు మసీదు మెట్ల మీద ఏడ్చారు. అంతవరకు సణుగుడుగా ఉన్నది ఆ రోజుతో మంటైంది.

శుక్రవారం నమాజు తర్వాత సదర్ సాబ్ ఇంటి అరుగు మీద కమిటీ కూర్చుంది. ఆ ఇల్లు మా ఇంటికి ఎదురే. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ముందు రోజునుంచి సదర్ సాబ్ తన చేతిగడియారాన్ని, ఈ జేబుగడియారాన్ని పక్కపక్కన పెట్టి చూశాడట.

"నిమిషం గూడ తేడా లేదు రహీం. గడియారం మంచిగ నడుస్తాంది. మరి గలతి ఎవరిది?" అన్నాడు.

బాపు లేచాడు. "సదర్ సాబ్, దానికి అయస్కాంతం పట్టింది. అందుకే దౌడు తీసింది. నేను తీపిచ్చుకొచ్చిన గనుక ఇప్పుడు మంచిగున్నది. మౌజన్ సాబ్ తప్పు కాదు."

"అయస్కాంతం యాడికెల్లి వచ్చె? మసీదుల ఉన్నదా?"

"లేదు."

"మీ ఇంట్ల?"

బాపు మా కిటికీ వైపు తిరిగాడు. నేను ఊచల వెనక ఉన్నానని ఆయనకు తెలుసు. ఇప్పటికీ నాకు ఆ చూపు ఎదురుగా కనిపిస్తుంది. నేను చేయాల్సిందల్లా గుమ్మం దాటి అరుగు దగ్గరికి పోవడం, అంతే. పదడుగులు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చున్నీ సర్దుకుంటూ ఉండిపోయాను.

"రేడియోల ఉంటది. కని నా బిడ్డ దాని దగ్గర పెట్టలేదన్నది" అన్నాడు బాపు. "నా బిడ్డ అబద్ధమాడదు."

"మరి పెట్టకపోతె ఎట్ల పట్టె?"

అప్పుడు ఖాసిం సాబు లేచి నిలబడ్డాడు. అంతవరకు ఆయన గోడకానుకుని తల వంచుకునే ఉన్నాడు.

"ఎందుకు రహీం భాయ్, నన్ను కాపాడనీకి అది ఇది చెప్తానవు? నువ్వు చేసిన గడియారం తప్పదు. ఆ మబ్బుల నా కండ్లే మసకలైనయి. ముల్లు తప్పు చూసిన. కసూర్ నాది."

"నీది గాదు ఖాసిం సాబ్!" అని బాపు అరిచాడు. మా బాపు అంత గట్టిగా అరవడం అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆ సాయంత్రం సదర్ సాబ్ చేతిగడియారంతో ఈ గడియారాన్ని పోల్చినప్పుడు తొమ్మిది నిమిషాల తేడా కళ్లారా చూసినవాళ్లు నలుగురు ఆ అరుగు మీదే ఉన్నారు. అయినా, ముందు కంగారులో తప్పు చూశామేమో అన్నారు. మనిషే తప్పు నాదని ఒప్పుకున్నాక ఇంకెవరికి వెతుకులాట కావాలి? లతీఫ్ తాత కొడుకులు కూడా కొంచెం చల్లబడ్డారు. పండగ వెళ్లాక ఖాసిం సాబు గది ఖాళీ చేయాలన్నారు.

వాళ్లు స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లిపోయారు, అక్కడ ఇమాంబీ పిన్ని అన్న ఉండేవాడు. వెళ్లేనాడు బాపు స్టేషనుకు పోయాడు. ఆ గడియారం మళ్లీ మసీదుకు వద్దని కమిటీవాళ్లు అనడంతో దాన్ని ఖాసిం సాబు జేబులోనే వేసి వచ్చాడు. ఇంటికి వచ్చి ధోవతిని మడతపెట్టి అమ్మకు ఇచ్చాడు. తర్వాత ఆయన ఏ గడియారం మూతా తీయలేదు. సెలవునాళ్లు కోళ్లు వాకిట్లో తిరిగేవి, అమ్మ ఇష్టం వచ్చినప్పుడు ఊడ్చుకునేది. ఆయనకు నా అబద్ధం తెలిసిందా లేదా అన్నది నాకు తెలియదు. తెలిసే ఉంటుందని ఒకరోజు అనిపిస్తుంది, తెలిసి ఉంటే ఆ అరుగు మీద అలా అనేవాడా అని ఇంకోరోజు అనిపిస్తుంది. చనిపోయే ముందు నెలరోజులు ఆయన మంచం పక్కనే ఉన్నాను, అప్పుడు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ సోదంతా లేదు. ప్రతి చేతిలో ఫోను, ప్రతి ఫోనులో సెకనుతో సహా ఇఫ్తార్ టైము. మా మనవరాలు ఇదంతా వింటే, తొమ్మిది నిమిషాల కోసం ఒక మనిషి ఊరు విడిచి వెళ్లాడా అని నవ్వుతుంది. నాకు మాత్రం ఒక గడియారాన్ని ఒక వీధంతా నమ్ముకున్న ఆ రోజులే బరువైన రోజులనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని అరచేతిలో పెట్టుకుని నడిచింది నేనే.

పదిహేను రోజులు ఆ గడియారం మీద కూర్చున్నాను. చావి ఇరుసు తుప్పుతో బిగుసుకుపోయింది. చుక్క చుక్కగా కిరోసిన్ వేసి నాలుగు రోజులు ఆగాను. లోపలి కమాను బిగువు మెల్లగా వదలకుండా పై పలక విప్పితే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్లు రాలిపోతాయి. నాకు అది కొత్త కాదు, అయినా రెండుసార్లు పనిముట్టు కింద పెట్టి లేచిపోయాను. ఏ ముక్క తీసినా బాపు వేళ్లు తగిలిన చోటే నా వేళ్లు తగులుతున్నాయి. అది మళ్లీ నడిచింది. నడవకపోతే బాగుండునని ఒక క్షణం అనుకున్న మాట కూడా నిజమే. పాడైపోయిందమ్మా అని చెప్పి తిరిగిచ్చేసి ఉండొచ్చు.

చెప్పిన రోజుకు యాకూబీ వచ్చింది. గడియారం చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను ఎవరి బిడ్డనో అప్పుడు చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"అమ్మో, నువ్వు రహీం సాబు బిడ్డవా! మా నాయిన దువా చేసినప్పుడల్లా మీ నాయిన పేరు తీసుకునేటోడు. నాకోసం అంతమంది ముంగట కొట్లాడిండని చెప్పేటోడు. అక్కడ గూడ ఆయనకు చిన్న మసీదుల నౌకరి ఇస్తమన్నరమ్మా, వద్దన్నడు. నా కండ్ల మీద నాకే నమ్మకం లేదన్నడు. పండుగైనంక కాశిబుగ్గల ఒక్కొక్క ఇంటి పేరు చెప్పుకుంట ఒక్కొక్క రోజా పట్టేటోడు. ఒకలది ఒకలు పడితె చెల్లదని మౌల్వీ సాబ్ చెప్పినా పట్టేటోడు. ఎన్నేండ్లు పట్టిండో."

నా చేతులు ఆమె చేతుల్లో ఉండగానే చెప్పేశాను. రేడియో, ఇనుప ముద్ద, దిక్సూచి, లే అన్న మాట. ఆమె చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. గడియారాన్ని రుమాలులో చుట్టి, రుమాలును కవరులో పెట్టి, కవరును సంచిలో వేసుకుంది.

"ఎన్నడు తెలిసె నీకు?"

"ఆ మర్నాడే."

"మా నాయిన పొయ్యి ఇరవై ఏండ్లాయె" అంది. సంచి భుజానికి తగిలించుకుని, "నాకు చెప్పుడు సులువే. నేనప్పుడు సంకల పిల్లను. మా అమ్మ ఉన్నది. ఇప్పుడు కాశిబుగ్గలనే ఉంటానం. రేపు వచ్చి ఆమెకు చెప్పు" అంది. చాయ్ తాగలేదు.

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున ఆటో ఎక్కి వెళ్లాను. మసీదు వెనక సందులో ఒకే గది, గడపకు ఆనించి మంచం, మంచం మీద ఇమాంబీ పిన్ని. తొంభై దాటి ఉంటాయి, పిడికెడు మనిషి. యాకూబీ వంగి నా పేరు, బాపు పేరు చెవిలో అరిచి చెప్పింది. పిన్ని నా చెంప తడిమి, మీ అమ్మ మంచిది బిడ్డా అంది. యాకూబీ నా వైపు తిరిగింది. "చెవులు వినవడయి. గట్టిగ చెప్పాలె."

మొదలుపెట్టాను. పిన్ని చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని ఆఁ అంది. గొంతు పెంచాను. మళ్లీ ఆఁ అంది. చివరికి అరవై మంది పిల్లల తరగతిలో చివరి బెంచీకి వినపడేలా మాట్లాడే గొంతు బయటికి తీయాల్సి వచ్చింది. యాభై ఆరేళ్లు నా కడుపులో పెట్టుకున్న మాటను ఆ సందంతా మోగేలా అరిచి చెప్పాను. గడియారం రేడియోలో పెట్టింది నేనే, బాపు అడిగితే అబద్ధమాడింది నేనే, ఖాసిం చిన్నాయన కళ్లు మసకలు కావు అని. నల్లా దగ్గర బిందె పట్టుకున్నామె బిందె నిండి పారుతున్నా చూసుకోకుండా నిలబడింది. ఆటో అతను ఇంజను ఆపేశాడు. రెండు ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

పిన్ని మంచం పట్టీ మీద బొటనవేలు రాస్తూ కూర్చుంది.

"పెద్ద దవాఖానల గూడ చూపిచ్చిన ఆయన కండ్లు" అంది చివరికి, నన్ను కాక గోడను చూస్తూ. "మంచిగున్నయన్నడు డాక్టరు. ఆయన నమ్మలే. నన్ను గూడ నమ్మలే."

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది. నా మాట ఆమెకు మొదటిసారే వినపడి ఉంటుందని అప్పుడు అర్థమైంది, ఎందుకంటే ఆమె సందులో నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినే చూసి, మెల్లగా అంది.

"ఎదురింటోళ్లు ఇంక బయటికి రాలే. గడపల నిలబడి ఇంకోసారి చెప్పు."

నేను లేచి గడపలో నిలబడి, మళ్లీ మొదటినుంచి చెప్పాను.